చెయ్యి సగం లేచి ఆగిపోయినప్పుడు

(తిరుపతిలో కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థుల పరిచయ సమావేశంలో, వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన ఒక అధ్యాపకురాలు మాట్లాడిన మాటల పాఠం)

అందరికీ నమస్కారం. వెనక గోడ దగ్గర నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, మొదటి రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి. ఎవరో పెద్దలు వస్తారని వదిలేశారేమో, రావాల్సినవాళ్లు వచ్చేశారు. రండి, కూర్చోండి.

నన్ను పరిశోధనలో సెమినార్ల గురించి మాట్లాడమన్నారు. పేపర్ ఎలా రాయాలి, స్లైడ్లు ఎలా చెయ్యాలి, ఇవన్నీ మీ గైడ్లు చెప్తారు, నాకంటే బాగా చెప్తారు. నేను ఒక్క సంగతి చెప్పడానికే వచ్చాను. సెమినార్‌లో ప్రశ్నలకు వదిలే ఆ పది నిమిషాలు, ఆ తర్వాత టీ గ్లాసు పట్టుకుని నిలబడే పావుగంట. ముప్పై ఏళ్లకు పైగా చేసిన ఉద్యోగంలో నాకు నిజంగా పనికొచ్చిన చదువు చాలావరకు అక్కడే దొరికింది. ఆ పది నిమిషాల్నే మనం అన్నిటికంటే ముందు కోసేస్తున్నాం. అది నాకు చాలా బాధ.

ముందు నా సొంత అనుభవం చెప్తాను. ఇరవై ఏళ్లు దాటింది. మన జిల్లాలోనే ఒక కాలేజీలో రెండు రోజుల సెమినార్, కాలేజీ పేరు మనకు అక్కర్లేదు. ఎర్రచందనం గింజలు ఎందుకు సరిగ్గా మొలకెత్తవు అన్నదాని మీద నేను పేపర్ చదివాను. ఎర్రచందనం కాయ మీలో చాలామంది చూసే ఉంటారు, చూడనివాళ్లు ఈసారి శేషాచలం వైపు వెళ్తే కింద రాలినవి ఏరి చూడండి. గుండ్రంగా, చుట్టూ పల్చటి రెక్కలాంటి అంచుతో, మధ్యలో గట్టిగా ఉబ్బెత్తుగా ఉంటుంది. ఎండిన పెసరకాయ పగిలినట్టు ఇది తనంతట తాను పగలదు. గింజ లోపలే బిగుసుకుని ఉంటుంది. నేను మూడేళ్లు కష్టపడ్డాను. కాయల్ని వేడినీళ్లలో వేశాను, యాసిడ్‌లో ముంచి తీశాను, మొలకని పురికొల్పే జిబ్బరెల్లిక్ ఆమ్లంలో నానబెట్టాను, ఏ పద్ధతిలో ఎన్ని మొలిచాయో టేబుళ్లు కట్టాను. చదివాను, చప్పట్లు కొట్టారు. సభాధ్యక్షులు లేచి "సమయాభావం వల్ల ప్రశ్నలు లేకుండా తర్వాతి పత్రానికి వెళ్దాం" అన్నారు.

అప్పుడు నేను ఇంకా మైకు దగ్గరే నిలబడి కాగితాలు సర్దుకుంటున్నాను. మూడో వరసలో ఒకమ్మాయి, ఎమ్మెస్సీ చదువుతున్న పిల్ల, చెయ్యెత్తబోయింది. మోచేయి కుర్చీ చేతి మీద నుంచి లేచింది, అరచెయ్యి చెవి దాకా వచ్చింది, ఆ మాట వినపడగానే అదే చేత్తో జుట్టు సర్దుకున్నట్టు చేసి ఒళ్లో పెట్టేసుకుంది. నేను చూశాను. చూసి కూడా ఏమీ అనలేదు, దిగిపోయాను. "ఒక్క నిమిషం సార్, ఆ అమ్మాయి ఏదో అడుగుతోంది" అని ఉండాల్సింది.

టీ దగ్గర తనే వచ్చింది. చేతిలో పేపర్ ప్లేటు, అందులో బోండా, తినడం లేదు. "మేడమ్, మీరు కాయని చీల్చి గింజ తీసి పెట్టారా, కాయతోనే పెట్టారా?" అంది. కాయతోనే అన్నాను. కాసేపు ఆగి, "మా నాయన భాకరాపేట కాడ నర్సరీలో పనికి పోతాడు మేడమ్. కాయల్ని పేడనీళ్లలో మూడు దినాలు నానేసి పెడతాడు. అట్ల పెట్టినా అన్నీ రావు. కొన్ని కాయల్లో అసలు గింజే ఉండదంట, పైకి మాత్రం అన్నీ ఒకే మాదిరి ఉంటాయంట" అంది.

నేను ఆ మాటకి గ్లాసు పక్కన పెట్టేశాను. మూడేళ్లలో నేను లెక్కలోకి తీసుకున్న ప్రతి కాయలోనూ గింజ ఉందనే అనుకున్నాను! వందకి ఇన్ని మొలిచాయి అని రాసుకున్నాను గానీ, ఆ వందలో లోపల ఖాళీగా ఉన్నవి ఎన్నో చూసుకోలేదు. గింజే లేని కాయని యాసిడ్‌లో ముంచినా, తేనెలో ముంచినా ఏం మొలుస్తుంది? మర్నాడు ల్యాబ్‌కి వెళ్లగానే మిగిలిపోయిన కాయల సంచీ విప్పి, కత్తెరతో ఒక్కొక్కటే అడ్డంగా కోస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నానికి బొబ్బలొచ్చాయి. చాలా వాటిలో నిజంగానే గింజ లేదు, నల్లగా ముడుచుకుపోయిన పొట్టు తప్ప ఏమీ లేదు. నా టేబుళ్లన్నీ మళ్లీ కట్టాల్సి వచ్చింది, ఏ పద్ధతి మంచిది అన్న నిర్ణయమే మారిపోయింది.

ఎర్రచందనం కాయల్లో తాలు ఎక్కువన్నది, పేడనీళ్లలో నానబెట్టడం పనిచేస్తుందన్నది ఇప్పుడు అందరూ రాస్తున్నారు. ఆ రోజు నాకు మాత్రం అది ఒక నర్సరీ కూలీ దగ్గర నుంచి, ఆయన కూతురి నోట, టీ టేబుల్ దగ్గర వచ్చింది. ఆ అమ్మాయి భయపడి బస్సెక్కి వెళ్లిపోయి ఉంటే తప్పుడు టేబుల్ అచ్చయ్యేది, నా పేరు మీదే అచ్చయ్యేది.

ఇంకో మాట. సెమినార్ అనే పదం ఎక్కడిదో తెలుసా? లాటిన్‌లో సెమినారియం అంటే నారుమడి. విత్తనాలు చల్లి మొక్కల్ని పెంచి, తర్వాత వేరే చోట నాటడానికి ఉంచే మడి. వృక్షశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి ఆ మాట తెలిసిన రోజు నాకు చాలా సంతోషం వేసింది. మీలో సగం మంది రైతుల పిల్లలే కదా, నారుమడి అంటే విడమర్చి చెప్పక్కర్లేదు. నారుమడిలో ఉన్నది కోతకొచ్చిన పంట కాదు, లేత మొక్క, పీకి వేరే మట్టిలో పెడితేనే బతుకుతుంది. మీ పేపర్ కూడా అంతే, అయిపోయిన పని కాదు. లెక్చర్ అన్నదానికి మూలం మాత్రం చదవడం. అచ్చు యంత్రం రాకముందు యూరప్ యూనివర్సిటీల్లో పుస్తకం దొరకడమే గగనం, అందుకని గురువు పైకి చదివేవాడు, పిల్లలు రాసుకునేవాళ్లు. పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల్లో జర్మనీలో ఈ పద్ధతి చాలదని కొందరు గురువులు విద్యార్థుల్ని చుట్టూ కూర్చోబెట్టి, ముందర ఆధారాలు పెట్టి, వాళ్ల చేత వాదన చేయించడం మొదలుపెట్టారు. చరిత్రకారుడు రాంకే బెర్లిన్‌లో తన ఇంట్లోనే ఆ పాఠం నడిపించాడు. అలా పుట్టింది సెమినార్. మనం ఇప్పుడు సెమినార్ అని బ్యానర్ కట్టి లోపల చేస్తున్నది చాలాసార్లు ఆ పాత లెక్చరే. అదీ పదిహేను మంది వరసగా వచ్చి స్లైడ్ల మీద ఉన్నది చదివేసి దిగిపోయే లెక్చర్.

మనకు అలవాటు లేదు అనకండి. అవధానం చూసిన జాతి మనది. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు. పృచ్ఛకుడు అంటేనే అడిగేవాడు. ఒకాయన నిషిద్ధాక్షరి ఇచ్చి అడుగడుక్కీ అక్షరం అడ్డుపెడతాడు, ఇంకొకాయన సమస్య ఇస్తాడు, కొన్ని పదాలిచ్చి వాటితో పద్యం చెప్పమనే దత్తపదికి ఇంకొకాయన, మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన ఉంటే ఏకాగ్రత చెదరగొట్టడమే ఆయన పని. జనం టికెట్ లేకపోయినా నిలబడి చూసేది దేనికి? అడిగినదాన్ని ఆ మనిషి ఎలా తట్టుకుంటాడో చూద్దామని. పృచ్ఛకులు లేని అవధానం ఎవరైనా ఊహించగలరా? మన సెమినార్లకి మాత్రం పృచ్ఛకులు లేకపోయినా ఏమీ అనిపించడం లేదు.

సమయం ఎక్కడికి పోతోందో చెప్తాను. ఒక ఊళ్లో సెమినార్‌కి వెళ్లినప్పుడు వాచీ చూస్తూ డైరీలో రాసుకున్నాను. పదింటికి అని కార్డు. ముఖ్య అతిథి వచ్చేసరికి పదకొండు కావస్తోంది. ప్రార్థన, జ్యోతి ప్రజ్వలన, పుష్పగుచ్ఛాలు, ఆరుగురి పరిచయాలు, ఆరుగురి మాటలు, శాలువాలు, జ్ఞాపికలు, సావనీర్ ఆవిష్కరణ, ఫొటో, వందన సమర్పణ. ఒంటిగంట పదిహేను. కీలకోపన్యాసం చెయ్యడానికి రాత్రి రైల్లో కూర్చుని వచ్చిన పెద్దాయనకి పద్దెనిమిది నిమిషాలు మిగిలాయి. భోజనం తర్వాత ఇరవై రెండు పేపర్లు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, బెల్ కొట్టడానికి ఒక అబ్బాయి.

శాలువా వద్దు అని నేను అనను. అంత దూరం నుంచి వచ్చిన మనిషికి మర్యాద చెయ్యకుండా పంపడం మన ఇళ్లలో లేదు, ఉండకూడదు. కానీ మర్యాద భోజనాల ముందు రెండు నిమిషాల్లో చెయ్యొచ్చు కదా. వచ్చిన పండితుడికి అసలు మర్యాద ఆయన మాట మొత్తం విని, ఆయన మాటలో మనకు పొసగనిది ఆయన్నే అడగడం. ఆ రోజు ఆ పెద్దాయన శాలువా మడిచి సంచీలో పెట్టుకుంటూ "పిల్లలెవరూ ఏమీ అడగలేదేమమ్మా" అని నన్ను అడిగారు. నేను ఏం చెప్పను?

ఇంకో కారణం సర్టిఫికెట్. ఇందులో మీ తప్పేమీ లేదు. 2010లో యూజీసీ, అంటే యూనివర్సిటీలకి నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ, అధ్యాపకుల పనితీరు కొలవడానికి ఏపీఐ అనే పాయింట్ల లెక్క తెచ్చింది, సెమినార్‌కి వెళ్తే పాయింట్లు. 2016 నిబంధనల్లో థీసిస్ ఇచ్చేలోపు పరిశోధక విద్యార్థి రెండు సెమినార్లలో పేపర్ సమర్పించాలన్నారు. దాంతో ఎక్కడ సెమినార్ జరిగినా పేపర్లు కుప్పలుగా వచ్చి పడ్డాయి, అందరికీ చోటివ్వాలి కాబట్టి ఒక్కొక్కరి నిమిషాలు తగ్గాయి, తగ్గించడానికి ముందు దొరికింది ప్రశ్నల సమయమే. 2022 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనల్లో ఆ తప్పనిసరి తీసేశారు. మీ యూనివర్సిటీ నిబంధన ఎలా ఉందో ఆఫీసులో అడిగి తెలుసుకోండి. కానీ ఇప్పుడు మీ మీద ఆ ఒత్తిడి అంత లేదు కాబట్టి ఏడాదికి ఐదు సెమినార్లు తిరిగే బదులు ఒక్కదానికే వెళ్లండి, రెండు రోజులూ ఉండండి, మీ పేపర్ అయిపోగానే సర్టిఫికెట్ ఎప్పుడిస్తారు అని అడగకండి. మీ తర్వాత చదివే పిల్లవాడికి వినేవాళ్లు కావాలి.

నేను మొదటిసారి శాస్త్రవేత్తల్ని దగ్గరగా చూసింది 1983 జనవరిలో. ఆ ఏడు ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ 70వ సమావేశాలు తిరుపతిలో జరిగాయి. మళ్లీ 2017లో 104వ సమావేశాలు మన ఎస్వీ యూనివర్సిటీలోనే అయ్యాయి, అవి మీలో కొందరు చూసి ఉంటారు. 1983లో నేను డిగ్రీ చదువుతున్నాను, పెద్దమ్మ వాళ్లింట్లో ఉండేదాన్ని. ఊళ్లో అదే నెలలో ఎన్నికలు, రామారావు గారు తిరుపతి నుంచి కూడా పోటీ చేస్తున్నారు, ఎక్కడ చూసినా మైకులు, పసుపు జెండాలు. ఆ గోలలో నేను వాలంటీరు బ్యాడ్జి పెట్టుకుని మంచినీళ్లు అందిస్తున్నాను. ఒక మధ్యాహ్నం ఇద్దరు పెద్దవాళ్లు మెట్ల మీద కూర్చుని ఏదో మొక్క పేరు గురించి గట్టిగా వాదించుకుంటున్నారు. ఒకాయన ఆహ్వాన పత్రిక వెనక ఆకు బొమ్మ గీశారు, రెండో ఆయన ఆ పెన్ను లాక్కుని ఈనె తిరిగే చోట దిద్దారు, ఈయన మళ్లీ దాన్ని కొట్టేశారు. నాకు భయం వేసింది, కొట్టుకుంటారేమో అని. నీళ్లిస్తే ఇద్దరూ తాగి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని టీకి వెళ్లిపోయారు. చదువుకున్నవాళ్లు ఒకరి మాట ఒకరు కొట్టేసి కూడా స్నేహంగా ఉండొచ్చని ఆ రోజు చూశాను. అప్పటిదాకా ఎదురు చెప్పడం అంటే తిట్టడం కిందే లెక్క అనుకునేదాన్ని, మా ఇంట్లో అలాగే పెంచారు.

కట్టమంచి రామలింగారెడ్డి గారి పేరు వినే ఉంటారు. చిత్తూరు పక్కన కట్టమంచి ఆయన సొంత ఊరు. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి మొదటి వైస్ ఛాన్సలర్ ఆయనే. 1930లో ఆయన రాజీనామా చేశాక, 1931లో ఆ కుర్చీలోకి వచ్చిన రాధాకృష్ణన్ గారు చిన్నప్పుడు తిరుపతి మిషన్ స్కూల్లో చదువుకున్నవారు. ఇద్దరూ మహా వక్తలు, ఇద్దరూ మన మట్టి తొక్కినవాళ్లే. రామలింగారెడ్డి గారు కేంబ్రిడ్జిలో చదువుకున్నప్పుడు అక్కడి యూనియన్ అనే విద్యార్థుల చర్చా సంఘంలో పేరు తెచ్చుకున్నారు. అక్కడ మీరు మాట్లాడి కూర్చోగానే ఎదుటి పక్షం మనిషి లేచి మీ మాటని ముక్కలు చేస్తాడు. వక్తగా ఆయన పదునెక్కింది అలాంటి చోట. చప్పట్లే తప్ప ఇంకేమీ రాని చోట ఎన్ని మాట్లాడినా ఆ పదును రాదు.

సరే, అడగడం ఎలా? మీకు ముందు వచ్చే టెన్షన్ ఇంగ్లీషు. నాకు తెలుసు. ప్రశ్న మనసులో తెలుగులో తయారుగా ఉంటుంది, దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, మళ్లీ వ్యాకరణం సరిచూసుకునేలోపు సభ ముగుస్తుంది. తెలుగులో అడగండి. ఎదుటి మనిషికి తెలుగు రాకపోతే సభాధ్యక్షులు ఒక్క వాక్యంలో చెప్పేస్తారు, అది వాళ్ల బాధ్యత. దామలచెరువు దగ్గర ఒక తోటలో మామిడి రైతులతో మీటింగ్ పెట్టినప్పుడు ఎవరూ మొహమాటపడలేదు. "మేడమ్, మీరు చెప్పే మందు కొడితే తేనెటీగలు రావు గదా, పూతకి పిందె ఎట్ల పడతాది?" అని ఒక పెద్దాయన నేరుగా అడిగారు. అంతకంటే మంచి ప్రశ్న నేను ఏ హాల్లోనూ వినలేదు. ఆయనకున్న ధైర్యం ఎమ్మెస్సీ చదివిన మీకు ఎందుకుండదు?

రెండోది, అడిగేముందు ఎదుటివాళ్లు చెప్పింది మీకు ఎలా అర్థమైందో ఒక్క వాక్యంలో చెప్పండి. శాస్త్ర చర్చల్లో దీన్నే పూర్వపక్షం అంటారు. ముందు అవతలి వాదాన్ని అవతలివాడు ఒప్పుకునేట్టు చెప్పాలి, ఆ తర్వాతే నీ సిద్ధాంతం. మన ఊళ్లో సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది, అక్కడ వాక్యార్థ సభ, అంటే పండితులు శాస్త్ర విషయం మీద వాదించుకునే సభ, జరుగుతోందని తెలిస్తే సైన్సు వాళ్లయినా వెళ్లి వెనక కూర్చోండి. మాటలు అర్థం కాకపోయినా ఒకరు చెప్తుంటే ఇంకొకరు ఎంత శ్రద్ధగా వింటారో కనపడుతుంది. వినకుండా అడిగే ప్రశ్న ప్రశ్న కాదు, ఇంకో ఉపన్యాసం. మైకు దొరికింది కదా అని ఐదు నిమిషాలు తన పరిశోధన గురించి చెప్పుకునేవాళ్లని చూశాను. దయచేసి అలా చెయ్యకండి, ఆ ఐదు నిమిషాలు ఇంకొకరి చెయ్యి సగంలో ఆగిపోవడానికి కారణం.

మిమ్మల్ని ఎవరైనా అడిగినప్పుడు తెలియకపోతే తెలియదు అనండి. "ఆ కోణంలో చూడలేదు, చూస్తాను" అని కాగితం మీద రాసుకోండి, అడిగినవాళ్ల పేరు కూడా. తర్వాత చూసి వాళ్లకి చెప్పండి. ఎర్రచందనం కాయలు కోసి చూశాక నేను ఆ అమ్మాయికి పోస్టుకార్డు రాశాను. రెండు వారాల తర్వాత జవాబొచ్చింది. వాళ్ల నాన్న ఏ చెట్టు కాయలు ఏరతాడో, ఏవి వదిలేస్తాడో కార్డు నిండా అంచులదాకా రాసి పంపింది. అది నా దగ్గర ఇప్పటికీ ఉంది.

ఇంకొక విషయం, ఇది మీకంటే నిర్వాహకులకే ఎక్కువ చెప్తున్నాను, వేదిక మీద ఉన్నారు కాబట్టి. వారాంతపు ఉపన్యాసాలు సాయంత్రం ఐదున్నరకి పెట్టకండి. శ్రీకాళహస్తి నుంచి, పుత్తూరు నుంచి, చిత్తూరు నుంచి రోజూ వచ్చిపోయే పిల్లలున్నారు. ఉపన్యాసం ఆరున్నరకి అయితే వాళ్లు ప్రశ్నల టైముకే లేచి బస్టాండుకి పరిగెత్తాలి. హాస్టల్లో ఉండే ఆడపిల్లలకి గేటు టైము. చిన్న బిడ్డల్ని ఇంట్లో వదిలి వచ్చే పరిశోధకురాళ్లున్నారు, నేనూ ఒకప్పుడు అలా వచ్చినదాన్నే. టీ దగ్గర చివరిదాకా మిగిలేది బండి ఉన్న మగపిల్లలూ, ఆ ఊళ్లోనే ఇల్లున్నవాళ్లూ. పరిచయాలు వాళ్లకే, తర్వాత ఎక్కడ ఫెలోషిప్ ఉందో, ఎవరు పోస్ట్‌డాక్ తీసుకుంటున్నారో ముందు తెలిసేదీ వాళ్లకే. పొద్దున పదకొండుకి పెట్టండి, మధ్యాహ్నం అందరూ కలిసి తింటారు. ఖర్చేమీ పెరగదు. పెద్ద భోజనం అక్కర్లేదు, పులిహోర, పెరుగన్నం చాలు. కూర్చుని తినేట్టు చెయ్యండి, నిలబడి ప్లేటు పట్టుకుంటే పిల్లలు మాట్లాడరు.

మీలో మొదటి ఏడు వాళ్లకి ఒక పని చెప్తాను. ఈ నెలలో మీ విభాగంలోనో పక్క విభాగంలోనో ఓపెన్ వైవా, అంటే థీసిస్ మీద అందరి ముందు జరిగే మౌఖిక పరీక్ష, ఏదో ఒకటి ఉంటుంది. అది అందరికీ తెరిచి ఉన్నదే, ఎవరైనా వెళ్లొచ్చు, ఎవరైనా అడగొచ్చు. చివర్లో స్వీటు పెడతారని కాకుండా మొదటి నుంచి కూర్చోండి. నాలుగైదేళ్లు చేసిన పనికి ఒక మనిషి ఎలా జవాబు చెప్పుకుంటున్నాడో చూడండి. మీ రోజు వచ్చినప్పుడు సగం భయం అక్కడే తగ్గిపోతుంది.

నాకు నలభై నిమిషాలు ఇచ్చారు. పావుగంట మిగిలింది, అది మీదే. నాలుగో వరసలో నీలం దుపట్టా అమ్మాయీ, ఇందాక నేను పేడనీళ్ల మాట చెప్పినప్పుడు నువ్వు పక్కనున్న పిల్లతో ఏదో అని, చెయ్యెత్తబోయి ఆగావు, నేను చూశాను. లేచి అడుగమ్మా. మైకు వచ్చేదాకా ఆగొద్దు, గట్టిగా చెప్పు, వెనకవాళ్లకి నేను మళ్లీ చెప్తాను.